అందరి మాటా ఒకే కిటికీలో

నా కంప్యూటర్ తెర మీద, వేర్వేరు మెసెంజర్లతో ఒకే చోటు నుంచి మాట్లాడించే పిడ్జిన్ అనే చాట్ ప్రోగ్రాం కిటికీ చూసినవాళ్లు, ఇది ఇంకా ఉందా అని అడుగుతారు. ఉంది. పనిచేస్తోంది కూడా. 2020లో మొదలైన 2.14 శ్రేణిలో చిన్న చిన్న మరమ్మతులతో విడుదలలు వచ్చాయి. భద్రతా లోపాలు బయటపడితే సరిచేశారు. దాని తర్వాతి తరం, అంటే 3.0, పదేళ్లకు పైగా తయారవుతూనే ఉంది. 2024 వెళ్లి 2025 వస్తున్న వేళ దాని తొలి ప్రయోగాత్మక రూపాన్ని 2.90.0 అన్న సంఖ్యతో బయటపెట్టారు. రోజూ వాడుకోమని కాదు, ఎలా తయారవుతోందో చూసి చెప్పమని. ఐఆర్‌సీ అనే పాతకాలపు చాట్ పద్ధతికి కొత్తగా వచ్చిన రూపానికి అందులో ముందు చోటు దొరికింది. మిగతావి ఒక్కొక్కటే చేరాలి.

ఈ నాలుగు ముక్కలూ చెప్పేసరికి అడిగినవాళ్లు జాలిగా చూస్తారు. పదేళ్లుగా పూర్తికాని సాఫ్ట్‌వేర్ ఇక పోయినట్టే లెక్క అని వాళ్ల ఉద్దేశం. నాకు అలా అనిపించదు. ఎందుకింత కాలం పట్టిందో తెలుసుకున్నకొద్దీ దాన్ని కట్టేవాళ్ల మీద నాకు గౌరవం పెరిగింది. మనం పొద్దున లేచిన దగ్గర్నుంచీ మాట్లాడుకునే యాప్‌ల గురించి అడగాల్సిన ప్రశ్నలూ అక్కడే దొరికాయి.

కొంచెం వెనక్కి వెళ్లాలి. 1998లో అమెరికాలోని అలబామా రాష్ట్రంలో, ఆబర్న్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న మార్క్ స్పెన్సర్ అనే కుర్రాడు ఏఓఎల్ అనే ఇంటర్నెట్ కంపెనీ వారి ఇన్‌స్టంట్ మెసెంజర్‌లోకి లినక్స్ నుంచి వెళ్లేందుకు ఒక ప్రోగ్రాం రాశాడు. పేరు గెయిమ్. తర్వాత అతను టెలిఫోన్ ఎక్స్ఛేంజి పనిని మామూలు కంప్యూటర్‌తో చేయించే ఆస్టెరిస్క్ రాసి ఆ దారిన వెళ్లిపోయాడు. గెయిమ్‌ను మరికొందరు భుజాన వేసుకున్నారు. ఐసీక్యూ, యాహూ, ఎమ్మెస్సెన్, జాబర్ ఒకదాని తర్వాత ఒకటి వచ్చి చేరాయి. పేరు మీద ఏఓఎల్‌తో ఏళ్ల తరబడి నడిచిన పేచీ తేలాక 2007 ఏప్రిల్‌లో అది పిడ్జిన్ అయింది. మే నెలలో 2.0 వచ్చింది. సర్వర్లతో మాట్లాడే అసలు యంత్రాంగాన్ని విడదీసి లిబ్‌పర్పుల్ అన్నారు. మాక్ కంప్యూటర్లలో చాలామంది వాడిన ఆడియం లోపల తిరిగేదీ ఈ యంత్రమే.

మన ఊళ్లలో అది నెట్ సెంటర్ల కాలం. అమెరికాలో ఉన్న కొడుకుతో మాట్లాడడానికి పెద్దవాళ్లు ప్లైవుడ్ గదిలో హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చునేవాళ్లు. కాలేజీ స్నేహితులు యాహూలో దొరికేవాళ్లు. ఆఫీసువాళ్లు గూగుల్ టాక్‌లో. పరాయి దేశపు క్లయింట్లు ఎమ్మెస్సెన్‌లో. మూడు ప్రోగ్రాములు తెరిచి పెట్టుకుంటే ఆ రోజుల కంప్యూటర్‌కు ఊపిరాడేది కాదు. పిడ్జిన్ వచ్చాక ఒకటే కిటికీ, ఒకటే బడ్డీ లిస్ట్. పేరు పక్కనున్న చిన్న గుర్తును పట్టి చూస్తే తప్ప ఎవరు ఏ కంపెనీ దారిన వస్తున్నారో తెలిసేది కాదు. ఒకే మనిషికి యాహూలోనూ గూగుల్‌లోనూ ఖాతాలుంటే రెంటినీ ఒక్క పేరు కింద కలిపి పెట్టుకోవచ్చు. ఆయన ఎటు ఆన్‌లైన్‌లో ఉంటే మాట అటు పోయేది. ముందు మనిషి, తర్వాతే కంపెనీ. నాకు ఆ ప్రోగ్రాం మీద మమకారం పుట్టింది ఆ అమరికను చూసే.

కంపెనీలకు మాత్రం అది గిట్టలేదు. 1999 వేసవిలో మైక్రోసాఫ్ట్ తన ఎమ్మెస్సెన్ మెసెంజర్ నుంచే ఏఓఎల్ వాళ్లతో మాట్లాడే వీలు కల్పించింది. ఏఓఎల్ అడ్డుకట్ట వేసింది. మైక్రోసాఫ్ట్ దాన్ని దాటింది. మళ్లీ కట్ట, మళ్లీ దాటడం. కొన్ని నెలలు ఇలా నడిచాక మైక్రోసాఫ్టే చేతులెత్తేసింది. అంత పెద్ద కంపెనీకే సాధ్యం కాని పనిని జీతం లేని కొందరు కుర్రాళ్లు ఏళ్ల తరబడి చేశారు. కంపెనీలు సాధారణంగా వీళ్లకు తమ ప్రొటోకాల్ కాగితం మీద పెట్టి ఇవ్వవు. అసలు మెసెంజర్‌ను నడిపించి, తీగ మీద ఏ బైటు తర్వాత ఏ బైటు పోతోందో గమనించి, దాని అర్థం ఊహించి, మళ్లీ పరీక్షించి రాసుకోవాలి. రాసిన మర్నాడే కంపెనీ ఏదో మార్చవచ్చు. అప్పుడు వేలమందికి లాగిన్ ఆగిపోతుంది. తిట్లు మాత్రం ఈ కుర్రాళ్లకే పడతాయి.

కంపెనీలు తమ చుట్టూ కట్టుకున్న ఈ గోడల సంగతి అమెరికా ప్రభుత్వానికీ తెలియకపోలేదు. 2001 జనవరిలో ఏఓఎల్, టైమ్ వార్నర్ల విలీనానికి అనుమతి ఇస్తూ అక్కడి కమ్యూనికేషన్ల కమిషన్ ఒక షరతు పెట్టింది. మెసెంజర్‌లో వీడియో వంటి కొత్త తరహా సేవలు తేవాలంటే ముందు పోటీ కంపెనీల మెసెంజర్లతో మాట కలపాలని. 2003లో ఆ షరతును ఎత్తేశారు. నా దృష్టిలో ఇంటర్నెట్ సంభాషణ చరిత్రలో చేజారిన పెద్ద అవకాశం అది.

మధ్యలో ఒక మంచి రోజు రాకపోలేదు. జాబర్ నుంచి ఎదిగిన ఎక్స్ఎంపీపీ అనే బహిరంగ ప్రమాణం 2004లో ఇంటర్నెట్ ప్రమాణాల జాబితాకెక్కింది. మెయిల్ లాగే ఇందులోనూ ఎవరి సర్వర్ వారు పెట్టుకోవచ్చు, ఏ సర్వర్‌లో ఉన్నవాళ్లయినా ఏ సర్వర్‌లో ఉన్నవాళ్లతోనైనా మాట్లాడవచ్చు. గూగుల్ 2005 ఆగస్టులో టాక్‌ను దీని మీదే కట్టింది. 2006లో బయటి సర్వర్లకూ తలుపు తెరిచింది. అదే ఏడాది యాహూ, మైక్రోసాఫ్ట్ తమలో తాము మాట కలుపుకున్నాయి. ఫేస్‌బుక్ చాట్‌కూ కొన్నాళ్లు ఎక్స్ఎంపీపీ ద్వారా దారి ఉండేది. ఇక గోడలు కూలిపోయినట్టే అని సంబరపడ్డవాళ్లలో నేనూ ఉన్నాను. 2013లో హ్యాంగౌట్స్ తెచ్చి గూగుల్ వెనక్కి తిరిగింది. 2015లో ఫేస్‌బుక్ ఆ దారి మూసింది. 2022 జూన్ 16తో గూగుల్ టాక్‌కు పిడ్జిన్ లాంటి ప్రోగ్రాముల నుంచి ఉన్న చివరి దారీ పోయింది.

గోడలు కట్టుకున్న మెసెంజర్లు ఆ గోడల మధ్యే కాలం తీరిపోయి పడుకున్నాయి. ఏఓఎల్ మెసెంజర్ 2017 డిసెంబర్ 15న మూతపడింది. యాహూ మెసెంజర్ 2018 జూలై 17న. వీటిలో అన్నింటికన్నా పాతదైన ఐసీక్యూ, 1996లో ఇజ్రాయెల్‌లో పుట్టి, ఏఓఎల్ చేతికి వచ్చి, 2010లో రష్యన్ చేతులకు మారి, 2024 జూన్ 26న ఆగిపోయింది. స్కైప్ 2025 మేలో. వీళ్లందరితో మాట్లాడడానికి పుట్టిన పిడ్జిన్ వీళ్లందరి తర్వాతా ఉంది. తన సొంత నెట్‌వర్క్ అంటూ ఏదీ లేని ప్రోగ్రాం ఆ నెట్‌వర్కులకన్నా ఎక్కువ కాలం బతకడం చిన్న విషయం కాదు.

నా హోమ్ ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే పర్పుల్ అనే డైరెక్టరీ ఒకటి దాగి ఉంటుంది. దాని లోపల లాగ్స్. అందులో యాహూ, జాబర్, ఎమ్మెస్సెన్ అని విడివిడి అరలు. యాహూ అరలో నా ఐడీ, దాని కింద డాలస్‌లో ఉండే మా పెదనాన్నగారి అబ్బాయి ఐడీ, దాని కింద తేదీలే పేర్లుగా వరసగా హెచ్‌టీఎంఎల్ ఫైళ్లు. ఏ బ్రౌజర్‌లోనైనా తెరుచుకుంటాయి. పైన ఎవరితో, ఏ తేదీన, ఏ వేళప్పుడు అన్న ఒక పంక్తి. కింద నా పేరు నీలంలో, అన్నయ్య పేరు ఎరుపులో, ప్రతి మాట ముందూ గంటా నిమిషమూ సెకనూ. అప్పుడు తెలుగు టైపు చేయడం ఇద్దరికీ చేతకాదు కాబట్టి అంతా ఇంగ్లిషు అక్షరాల తెలుగే. అమ్మ బీపీ మాత్ర వేసుకుంటోందా అని ఆయన. వేసుకుంటోంది గాని ఉప్పు మానడం లేదు అని నేను. నీ మాట వింటుంది, ఫోన్ చేసి చెప్పు అన్నయ్యా అని మళ్లీ నేనే. యాహూ సర్వర్లలో ఆ సంభాషణ జాడ లేదు. అసలు ఆ మెసెంజరే లేదు. నా దగ్గర మాత్రం అక్షరం పోకుండా ఉంది. ఎవరి అనుమతీ అడగకుండా చదువుకోగలుగుతున్నాను. ఇలా దాచుకునేలా ఆ ప్రోగ్రాంను రాసినవాళ్లకు నేను రుణపడి ఉన్నాను.

అదే డైరెక్టరీలో ఖాతాల ఫైలు ఒకటి ఉంటుంది. అందులో పాస్‌వర్డ్‌లు దాపరికం లేకుండా మామూలు అక్షరాల్లో కనబడతాయి. పిడ్జిన్ మీద ఎన్నో ఏళ్లుగా ఉన్న పెద్ద ఫిర్యాదు ఇది. డెవలపర్లు ఇచ్చిన జవాబు సూటిగా ఉంటుంది. మనల్ని అడగకుండానే లాగిన్ కావాలంటే ప్రోగ్రాం ఆ పాస్‌వర్డ్‌ను తానే చదువుకోగలగాలి. దాన్ని గుప్తలిపిలో రాసి ఆ గుట్టు విప్పే కీని పక్క ఫైల్లోనే ఉంచితే, తలుపుకు తాళం వేసి చెవిని గుమ్మం మీదే పెట్టినట్టు. భద్రంగా ఉన్నామన్న భ్రమ కలిగించడం కన్నా ఉన్న సంగతి చెప్పడం మేలని వాళ్ల వాదన. ఆ నిజాయితీ నాకు నచ్చుతుంది. కానీ వాడేవాళ్లకు అది చాలదు. ఆపరేటింగ్ సిస్టం తానే నడిపే పాస్‌వర్డ్ ఖజానాకు ఆ పని అప్పగించాలి. 3.0లో చేస్తున్నది అదే.

ఇప్పుడు ఆలస్యం సంగతి. 2007లో 2.0 వచ్చినప్పుడు లిబ్‌పర్పుల్ ఒక మాట ఇచ్చింది. సంఖ్యలో మొదటి అంకె మారనంత కాలం, బయటివాళ్లు అదనంగా జోడించిన పాత ప్లగిన్లు చెడిపోయే మార్పు చేయబోమని. 2.0 నాటికి ఎవరో రాసిన ప్లగిన్ 2.14లోనూ నడవాలి. ఆ మాటను నిలబెట్టుకున్నారు. దానికి చెల్లించిన మూల్యమే ఈ పదేళ్లు. 2007లో చాట్ అంటే ఇద్దరూ ఆన్‌లైన్‌లో ఉండి మాట్లాడుకోవడం. పంపిన మాటను తర్వాత దిద్దుకోవడం, దాని మీద బొమ్మతో స్పందించడం, ఒకే ఖాతా ఫోన్‌లోనూ కంప్యూటర్‌లోనూ నడవడం, పాత సంభాషణ సర్వర్ నుంచి దిగిరావడం, ఇవేవీ ఆనాటి నిర్మాణంలో లేవు. పాత గోడ కదపకుండా వీటికి చోటు చేయలేరు. అందుకే మొదటి అంకె మార్చి పునాది నుంచి తిరిగి కట్టాలనుకున్నారు. సంభాషణ అనే భావనను, స్నేహితుల జాబితాను, పాత మాటలు దాచే పద్ధతిని మళ్లీ రాస్తున్నారు. నేను మురిసిపోయిన ఆ హెచ్‌టీఎంఎల్ ఫైళ్ల స్థానంలో ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ వస్తుంది.

ఈలోగా కాళ్ల కింద నేల కదిలింది. పిడ్జిన్ 2 కిటికీలన్నీ, తెర మీద కిటికీలు, మీటలు గీసే జీటీకే అనే లైబ్రరీ రెండో తరంతో గీసినవి. దాని మూడో తరం 2011లో వచ్చింది. పనంతా దాని మీదికి మారుస్తుండగా 2020 డిసెంబర్‌లో నాలుగోది వచ్చింది. మళ్లీ మార్చాలి. చాట్ మాటలు చూపించే పెట్టెనే ఒకసారి వెబ్‌కిట్ అనే బ్రౌజర్ యంత్రంతో కట్టారు, దాన్ని తీసేసి ఇంకొకటి రాశారు, దాన్నీ పక్కన పెట్టారు. కోడ్ దాచుకునే చోటు కూడా నిలకడగా లేదు. వాళ్లు వాడే మెర్క్యురియల్ పద్ధతికి 2020లో బిట్‌బకెట్ సెలవు చెప్పడంతో సొంత సర్వర్ పెట్టుకుని అక్కడికి తరలించారు. ఇవన్నీ చేసేది వేతనం మీద ఉన్న బృందమైతే ఏడాదిలో తేలిపోయేది. ఇక్కడ పని చేసేవాళ్లు చేతి వేళ్ల మీద లెక్కపెట్టగలిగేంత మంది. ఎక్కువ భారం ఇప్పటి ముఖ్య డెవలపర్ గ్యారీ క్రామ్లిచ్ భుజాల మీదే ఉంది. ఆయన కోడ్ రాసే గంటలను ఎవరైనా చూసేలా ప్రత్యక్ష ప్రసారం చేస్తుంటాడు. పని పరిస్థితి ఏమిటో మధ్యమధ్య రాసి పెడతాడు. ఏం పూర్తయింది, ఏం తీసేశాం, ఎక్కడ చిక్కుకున్నాం అని దాపరికం లేకుండా ఉంటుంది ఆ రాత. ఈ రోజుల్లో ఏ పెద్ద కంపెనీ తన మెసెంజర్ గురించి మనకు అలాంటి లెక్క చెబుతోంది?

ఎక్స్ఎంపీపీకి ఒకటి, ఐఆర్‌సీకి ఒకటి, లాగిన్ పద్ధతులకు ఒకటి, ఇలా పనికొచ్చే ముక్కలను విడి లైబ్రరీలుగా రాయడం కూడా ఆలస్యానికి ఒక కారణం. నేను దీన్ని తప్పు పట్టను. రేపు పిడ్జిన్ ఉన్నా లేకపోయినా ఇంకో ప్రోగ్రాం రాసేవాడు వాటిని తీసుకుని వాడుకోవచ్చు.

వాడేవాళ్లు కూడా ఈ ప్రాజెక్టును తక్కువ నొప్పించలేదు. 2008లో మాటలు టైపు చేసే పెట్టె ఎత్తును మన చేత్తో లాగి మార్చుకునే వీలు తీసేసి, దానంతట అదే పెరిగేలా చేశారు. దాని మీద పెద్ద రభస జరిగింది. డెవలపర్లు వెనక్కి తగ్గలేదు. కొందరు కోడ్ తీసుకుని ఫన్‌పిడ్జిన్ అని వేరు కుంపటి పెట్టారు. అది తర్వాత క్యారియర్ అని పేరు మార్చుకుని, కొన్నాళ్లకు చల్లారిపోయింది. పెట్టె ఎత్తు విషయంలో డెవలపర్లు వినాల్సిందని నా అభిప్రాయం. అయితే ఉచితంగా ఇచ్చేవాళ్ల మీద మనం ఎంత నోరు చేసుకుంటామో, రోజూ మన జేబులోంచి సమాచారం తీసుకునేవాళ్ల ముందు ఎంత వినయంగా ‘అంగీకరిస్తున్నాను’ నొక్కుతామో ఆలోచించాలి.

గోడల పక్షాన బలమైన వాదన లేకపోలేదు. సిగ్నల్ స్థాపకుడు మాక్సీ మార్లిన్‌స్పైక్ 2016లో దాన్ని వివరంగా రాశాడు. ప్రపంచం మారిపోతుంటుంది, అందరూ కలిసి ఒప్పుకోవాల్సిన ప్రమాణం మాత్రం పాతకాలంలోనే ఆగిపోతుంది, ఒకే చేతిలో ఉన్న సేవే వేగంగా ఎదుగుతుంది అని. అదే ఏడాది ఏప్రిల్‌లో వాట్సాప్ వంద కోట్ల మందికి ఒక్కసారిగా సంపూర్ణ గోప్యత ఇవ్వగలిగింది. వేల సర్వర్ల మధ్య చెల్లాచెదురైన మెయిల్‌లో అది ఇప్పటికీ జరగలేదు. ఈ వాదనను కొట్టిపారేయలేను. కానీ ఒక్కసారిగా మేలు చేయగల చెయ్యి ఒక్కసారిగా షరతులూ మార్చగలదు. 2021 జనవరిలో వాట్సాప్ నిబంధనలు మారుతున్నాయనగానే మనవాళ్లు ఎంతమందో సిగ్నల్ దించుకున్నారు. బంధువుల గ్రూపు, అపార్ట్‌మెంట్ గ్రూపు, పిల్లల స్కూలు గ్రూపు ఇటువైపే ఉండిపోయేసరికి నెల తిరక్కుండా వెనక్కి వచ్చారు. నచ్చి ఉండడం వేరు, కదల్లేక ఉండడం వేరు.

డబ్బు విషయంలో మన దేశం దీనికి మంచి జవాబు కనిపెట్టింది. 2016లో వచ్చిన యూపీఐలో, కూరగాయల బండి మీద అతికించిన క్యూఆర్ కోడ్ ఏ కంపెనీదన్నది మనం చూడం. ఫోన్‌పే నుంచి గూగుల్ పేకి, ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకు డబ్బు పోతుంది. యాప్ నచ్చకపోతే మార్చుకుంటాం, బండివాడిని మార్చుకోం. అంత పకడ్బందీగా నడవాల్సిన డబ్బుకే అది సాధ్యమైనప్పుడు, అమ్మ మాత్ర వేసుకుందా అన్న మాటకు ఎందుకు సాధ్యం కాదు? యూరప్ ఆ ప్రశ్న వేసింది. డిజిటల్ మార్కెట్ల చట్టం కింద 2023 సెప్టెంబర్‌లో వాట్సాప్, మెసెంజర్‌లను ద్వారపాలకులుగా గుర్తించి, ఇతర సేవలు అడిగితే మాట కలపాలని బాధ్యత పెట్టింది. ఆ వీలు యూరప్ వరకే. మన దగ్గర అలాంటి నిబంధన లేదు.

తలుపులు తెరిచి ఉంచడంలో ప్రమాదం ఉండదని నేను అనను. 2024 జూలైలో పిడ్జిన్ వారి బయటి ప్లగిన్ల జాబితాలోకి ఒక కొత్త ప్లగిన్ చేరింది. తెరను పంచుకోవడానికి పనికొస్తుందన్నారు. మనం నొక్కే ప్రతి మీటనూ అది దొంగచాటుగా పట్టి పంపుతోందని ఆగస్టులో బయటపడింది. డెవలపర్లు దాన్ని వెంటనే తీసేసి, జరిగింది జరిగినట్టు ప్రకటించారు. మూలకోడ్ ఇవ్వకుండా తయారు ఫైలు మాత్రమే పెట్టినప్పుడే అనుమానించాల్సిందని ఒప్పుకున్నారు. ఇకమీదట ఓపెన్ సోర్స్ లైసెన్సు ఉన్న ప్లగిన్లనే జాబితాలో ఉంచుతామన్నారు. చూసే కళ్లు తక్కువైతే తెరిచిన తలుపు కాపలా లేని తలుపు అవుతుంది. ఓపెన్ సోర్స్ అన్న ముద్ర ఒక్కటే ఎవరినీ కాపాడదు. చదివే మనుషులు కావాలి.

ఆ మనుషుల్లో మనవాళ్లు ఎందుకు ఉండకూడదు? హైదరాబాదులో, విశాఖలో, డాలస్‌లో సీ భాష వచ్చిన తెలుగువాళ్లకు కరువు లేదు. పిడ్జిన్‌కు తెలుగు అనువాదం ఫైలు ఎప్పట్నుంచో ఉంది. 3.0లో మెనూలు, సందేశాలు కొత్తవి వస్తున్నాయి కాబట్టి దాన్ని మళ్లీ పట్టించుకోవాలి. దానికి ప్రోగ్రామింగ్ రానవసరం లేదు, చక్కటి వాడుక తెలుగు వస్తే చాలు. కోడ్ వచ్చినవాళ్లు ప్రయోగాత్మక రూపాన్ని ఒక పాత లాప్‌టాప్‌లో నడిపి, కనబడ్డ లోపాన్ని వివరంగా రాసి పంపండి. రెండూ కుదరనివాళ్లు, ఈ ప్రాజెక్టు కోసం పెట్టిన ఇన్‌స్టంట్ మెసేజింగ్ ఫ్రీడమ్ అనే లాభాపేక్ష లేని సంస్థకు తోచినంత పంపండి. ఆలస్యమైందని వాళ్లను నిందించే ముందు వీటిలో ఒక్కటైనా చేయండి.